నాణేల మీద అచ్చుతప్పులు

ఏటేటా మన వార్షిక సంచిక చేతికి రాగానే అందరమూ ముందుగా చేసే పని అచ్చుతప్పులు వెదకడం. సంపాదకవర్గం ఎంత జాగ్రత్త పడినా ఎక్కడో ఒక దీర్ఘం ఎగిరిపోతుంది, ఒకరి ఫొటో కింద మరొకరి పేరు పడుతుంది. కాగితం మీది తప్పుకు తప్పొప్పుల పట్టిక ఒకటి అంటించి ఊరుకుంటాం. అదే తప్పు రెండు వేల ఏళ్ళ నాటి వెండి బిళ్ళ మీద పడితే దాని సంగతి వేరు. దాన్ని దిద్దేవాడు లేడు. తప్పు జరిగిన ఆ క్షణం అట్లాగే లోహంలో నిలిచిపోయి ఉంటుంది.

పాత రోమన్ నాణేలలో ఇట్లా అచ్చు తప్పిన వాటిని మాత్రమే ఏరి సేకరించేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. రోము మనకు దూరం కావచ్చు గాని రోమన్ నాణెం మనకు దూరం కాదు. కరీంనగర్ జిల్లా మట్టిలో అది దొరికింది. దానికి ఇరుగుపొరుగున మన శాతవాహనుల నాణేలు వేల లెక్కన దొరికాయి. చరిత్ర పాఠం చెప్పుకుంటూ చాలా ఏళ్ళుగా నేనీ అచ్చుతప్పుల వెంట తిరుగుతున్నాను. నా దగ్గర నాణేలు లేవు. మ్యూజియం అద్దాల ముందు నిలబడి పెన్సిలుతో గీసుకున్న బొమ్మలూ, పుస్తకాల్లోంచి తీసుకున్న ఫొటోలూ, నాలుగు నోటు పుస్తకాలూ ఉన్నాయి. ఆ నోటు పుస్తకాల సారం విద్యార్థి మిత్రుల ముందు పెట్టాలని ఈ ప్రయత్నం.

దాగలి, సమ్మెట, పటకారు

తప్పు ఎట్లా పడిందో తెలియాలంటే ముందు ఒప్పు ఎట్లా పడేదో తెలియాలి. ఆనాడు యంత్రాలు లేవు. కావలసిన తూకంలో లోహపు బిళ్ళ తయారు చేసేవారు. అచ్చులు రెండు. ఒకటి దాగలిలో కదలకుండా దిగేసి ఉంటుంది. రెండోది మేకులాగా చేత పట్టుకొనేది. కింది అచ్చు మీద బిళ్ళ పెట్టాలి, పై అచ్చు దాని మీద ఆనించాలి, సమ్మెటతో కొట్టాలి. ఒక్క దెబ్బకు రెండు వైపులా ముద్ర పడుతుంది. రోమన్ పద్ధతిలో చక్రవర్తి తలబొమ్మ సాధారణంగా కింది అచ్చులో ఉండేది. వెనుక వైపు బొమ్మ పై అచ్చులో ఉండేది. ఎక్కువ అరిగేది, పగిలేది దెబ్బ నేరుగా తగిలే పై అచ్చే.

క్రీ.పూ. 46లో టైటస్ కారిసియస్ అనే టంకశాల అధికారి వేయించిన వెండి నాణెం ఒకటి ఉంది. ఒక వైపు మొనేటా దేవత తల. మరో వైపు దాగలి, పటకారు, సమ్మెట. తమ పనిముట్లనే నాణెం మీద వేసుకున్నారన్నమాట! ఆ మొనేటా పేరులోంచే ఇంగ్లీషువాళ్ళ ‘మనీ’, ‘మింట్’ రెండు మాటలూ పుట్టాయి. మన ‘దీనారం’ కూడా రోమన్ల ‘దీనారియస్’ అనే వెండి నాణెం పేరులోంచి వచ్చిందే. మాటకు మాట ఇచ్చి పుచ్చుకున్న బేరమిది.

ఇదంతా ఏదో పరాయి సంగతి అనుకోవద్దు. హైదరాబాదు నిజాముల హాలీ సిక్కా రూపాయి కూడా 20వ శతాబ్దం మొదటి వరకు సమ్మెట దెబ్బతోనే తయారైంది. సైఫాబాదులో టంకశాల కట్టి, యంత్రాలతో చార్మినారు బొమ్మ రూపాయి కొట్టడం 1903-04 ప్రాంతం నుంచి మొదలైంది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ముసలమ్మల మెడలో రూపాయల పేరు చూసినవాళ్ళు గమనించే ఉంటారు. పాత రూపాయల్లో ఏ రెండూ అచ్చంగా ఒక్కతీరుగా ఉండవు. ఒకదాని మీద పడ్డ అక్షరం మరోదాని మీద పడదు.

తప్పులలో రకాలు

తప్పులను మొదట రెండు కుప్పలుగా పోసుకోవాలి. ఒకటి అచ్చులోనే ఉన్న తప్పు, రెండోది దెబ్బలో వచ్చిన తప్పు.

అచ్చు చెక్కేవాడు అక్షరాలను తిరగేసి చెక్కాలి. రబ్బరు స్టాంపు చూసినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఏమరుపాటున ఒక అక్షరం సరిగ్గానే చెక్కితే నాణెం మీద అది తిరగబడి పడుతుంది. ఒక అక్షరం వదిలేసి చెక్కితే పేరే మారిపోతుంది. ఈ రకం తప్పు ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా వస్తుంది. పాఠ్యపుస్తకంలో తప్పు పడితే క్లాసులో అందరి పుస్తకాల్లోనూ అదే తప్పు ఉన్నట్టు.

దెబ్బలో వచ్చే తప్పు అట్లా కాదు. అది ఆ ఒక్క నాణేనిదే. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మ సగమే పడుతుంది, మిగతా సగం ఖాళీ. మొదటి దెబ్బ చాలక మళ్ళీ కొడితే, ఈలోగా బిళ్ళ కదిలితే, ఒకే రాజుకు రెండు ముక్కులూ రెండు గడ్డాలూ వస్తాయి. బిళ్ళ పెట్టకుండానే సమ్మెట పడితే ఒక అచ్చు రెండో అచ్చును కొడుతుంది. ఆ గాయం తర్వాతి నాణేల మీద నీడలాగా కనిపిస్తుంది.

వీటన్నిటిలో సేకర్తలు ఎక్కువ ముచ్చటపడేది ‘బ్రాకేజ్’ అనే తప్పు. కొట్టిన నాణెం కొన్నిసార్లు కింద పడకుండా పై అచ్చుకే అంటుకుపోతుంది. తొందరలో పనివాడు అది చూసుకోడు. తర్వాతి బిళ్ళ పెట్టి కొడతాడు. కింది వైపు రాజు తల మామూలుగానే ఉబ్బెత్తుగా పడుతుంది. పై వైపు మాత్రం అచ్చుకు బదులు అంటుకున్న నాణెమే ఆనుతుంది. దాని బయటి ముఖం రాజు తలే. అందుచేత కొత్త బిళ్ళ మీద అదే తల గుంటగా, అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది. బ్రాకేజ్ నాణేల మీద రెండు వైపులా రాజు తలే తరచుగా ఉండడానికి కారణం ఇదే. తల అచ్చు కింద ఉండేదని రుజువు చేసే సాక్ష్యాలలో ఇదొకటి. ఒక పనివాడి పరాకు మనకింత పాఠం చెబుతుంది!

అచ్చు పగులు సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. వాడగా వాడగా అచ్చు చిట్లుతుంది. ఆ చిట్లులోకి లోహం దూరి నాణెం మీద సన్నని గీతలాగా లేస్తుంది. పగులు పెరిగినకొద్దీ గీత పొడుగవుతుంది. ఒకే అచ్చుతో కొట్టిన పది నాణేలు ముందు పెట్టుకుంటే ఏది ముందు పుట్టింది, ఏది తర్వాత పుట్టింది అని ఆ గీత పొడుగును బట్టి వరుస పేర్చవచ్చు. తేదీ వేయని కాగితాలకు తేదీ దొరికినట్టే కదా!

ఈ ఫొటోలు ఒకసారి మా ఊరి అవుసుల తాతకు చూపించాను. పక్కకు జరిగిన ముద్ర చూపి, “అచ్చు జరిగినట్టుంది తాతా” అన్నాను.

“అచ్చు ఎట్ల జరుగుతది సారూ? అది దాగలిల దిగేసి ఉండె. జరిగింది బిళ్ళ. పటకారు పట్టినోని చెయ్యి వణికింది” అన్నాడు.

“మరి ఈ రెండు ముక్కుల రాజును ఏమంటవు?”

“మొదటి దెబ్బకు మనసొప్పలేదు వానికి. మళ్ళొకటి ఏసిండు. మంచిగ చేద్దామనుకున్నోనికే ఈ తిప్పలు” అని నవ్వాడు.

పుస్తకాల్లో పేజీలకు పేజీలు చదివిన సంగతి ఆ తాత ఒక్క చూపుతో చెప్పేశాడు. చేతిపని తెలిసినవాడికి చేతిపని తప్పు తెలుస్తుంది. చరిత్ర చదివే విద్యార్థి ఒక్కరోజైనా కొలిమి దగ్గర కూర్చోవాలని నేను అనేది ఇందుకే.

గోదావరి గట్టున దొరికిన సంపద

ఇక మన ప్రాంతానికి వద్దాం. కరీంనగర్ నుంచి హైదరాబాదు పోయే తోవలో తిమ్మాపూర్ మండలంలో నుస్తులాపూర్ ఉంది. బస్సులో వెళ్తూ మనలో ఎందరో దాటిపోయిన ఊరే. అక్కడ ముప్పైకి పైగా రోమన్ వెండి నాణేలు ఒక్కచోట దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లోని రోమన్ నాణేల మీద వెలువరించిన గ్రంథంలో వాటికి చోటుంది. నేటి పెద్దపల్లి జిల్లాలోని పెద్దబంకూరులో డాక్టర్ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యాన పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. ఇటుక కట్టడాలు, బావులు, కమ్మరి పని ఆనవాళ్ళతో పాటు అక్కడ ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలు బయటపడ్డాయి. ఆగస్టస్ పాలన క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు. అతని తర్వాత టైబీరియస్ క్రీ.శ. 37 దాకా ఏలాడు.

మన దేశంలో దొరికే రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ భాగం ఈ ఇద్దరివే. ఆగస్టస్ నాణెం మీద అతని మనుమలు, దత్తపుత్రులు గైయస్, లూసియస్‌లు డాళ్ళూ ఈటెలూ పెట్టుకొని నిలబడి ఉంటారు. టైబీరియస్ నాణెం మీద కూర్చున్న స్త్రీమూర్తి ఉంటుంది. ఈ రెంటినీ ఎక్కువగా కొట్టింది నేటి ఫ్రాన్సులోని లియోన్ నగరంలో. మన వర్తకులు వాటినే ఎందుకు కోరుకున్నారు? క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి దీనారియస్ తూకం తగ్గించి, వెండిలో కల్తీ పెంచాడు. పాతవాటిలో వెండి ఎక్కువ. వెండి ఎక్కువున్న నాణేన్ని వర్తకుడు వదులుకోడు గదా! తూర్పు దేశాల సరుకుల కోసం తమ సొమ్మంతా పోతున్నదని అక్కడి ప్లినీ మొత్తుకున్నాడు. ఒక్క ఇండియాకే ఏటా 5 కోట్ల సెస్టర్సులు పోతున్నాయని అతని లెక్క. నాలుగు సెస్టర్సులు ఒక దీనారియస్ కాబట్టి అది కోటీ పాతిక లక్షల వెండి నాణేల మాట.

పెద్దబంకూరులో అంతకన్నా పెద్ద విశేషం శాతవాహన నాణేల నిక్షేపం. సుమారు 22 వేల నాణేలు! ఇక నేటి జగిత్యాల జిల్లా కోటిలింగాల, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉంది. ఆవలి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా, నేటి మంచిర్యాల జిల్లా. అక్కడ దొరికిన నాణేల వల్ల గోభద, నారన, కంవాయసిరి, సమగోప వంటి రాజుల పేర్లు లోకానికి తెలిశాయి. ఈ పేర్లు ఏ పురాణంలోనూ లేవు. సిముకుని పేరు గల నాణేలు కూడా ఇక్కడ దొరకడంతో శాతవాహనుల తొలి చరిత్రలో మన గోదావరి గట్టుకు పెద్దపీట పడింది. డాక్టర్ పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు ఈ నాణేల మీద శ్రమించారు.

సగం పేరు సమస్య

శాతవాహనుల నాణేలు సీసంతో, రాగితో, రాగీ తగరమూ సీసమూ కలిసిన పోటిన్ అనే మిశ్రలోహంతో చేసినవి. ఒక వైపు తొండమెత్తిన ఏనుగు, చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృతంలో రాజు పేరు. మరో వైపు కూడలి మీద నాలుగు గుండ్రాలు పెట్టినట్టుండే ఉజ్జయినీ చిహ్నం. ఇది ఎక్కువగా కనిపించే నమూనా. ఇందులో చిక్కేమిటంటే చాలా సార్లు అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. ఎంత సరిగ్గా కొట్టినా పేరంతా పట్టదు. బిళ్ళ పక్కకు జరిగితే ఇక చెప్పనక్కర లేదు.

‘రఞో సిరి సాతకణిస’ అంటే రాజు శ్రీ శాతకర్ణిది అని అర్థం. అనుకోండి, ఒక నాణెం మీద ‘...కణిస’ అన్న చివరి అక్షరాలే పడ్డాయి. ఏ శాతకర్ణి? గౌతమీపుత్ర శాతకర్ణా? యజ్ఞశ్రీ శాతకర్ణా? ఆ బిరుదు మోసినవాళ్ళు ఆ వంశంలో పలువురున్నారు. కొత్త రాజు దొరికాడని సంబరపడటానికి ముందు అది పాత రాజు సగం పేరేమో చూసుకోవాలి. 1939లో మహారాష్ట్ర అకోలా జిల్లా తర్హాళలో దొరికిన నిక్షేపం వల్ల కుంభ శాతకర్ణి, కర్ణ శాతకర్ణి వంటి, పురాణాలు చెప్పని పేర్లు వెలుగులోకి వచ్చాయి. ఒక్కొక్క అక్షరం ఎంత బరువు మోస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడు కూడా తప్పుల్లోనే ఉంది. ఒక నాణెం ఎడమకు జరిగింది, పేరు మొదలు పోయింది. ఇంకొకటి కుడికి జరిగింది, చివర పోయింది. రెంటి మీదా ఏనుగు కాలి దగ్గర ఒకే చిట్లు ఉంటే రెండూ ఒకే అచ్చు బిడ్డలు. అప్పుడు రెండు సగాలూ కలిపి నిండు పేరు చదవవచ్చు. ఒక్కొక్కటీ పాడైన నాణేలే. పది కలిస్తే మంచి సాక్ష్యం. పెద్దబంకూరు కుప్ప వంటిది అందుకే అమూల్యం. ఎక్కడిది, దేనితో కలిసి దొరికింది, ఎంత లోతులో దొరికింది అన్నీ రాసి ఉన్న వేల నాణేలు ఒకచోట ఉండటం అరుదైన భాగ్యం.

తప్పులా కనిపించే ఒప్పులు

వింతగా ఉన్న ప్రతి నాణెమూ అచ్చుతప్పు కాదు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అవి క్షహరాట రాజు నహపానునివి. అందులో 9 వేలకు పైగా నాణేల మీద నహపానుని తల మీదనే గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర కొట్టించాడు. చూడటానికి రెండు సార్లు పడ్డ దెబ్బలా ఉంటుంది. నిజానికి అది గెలుపు చాటింపు. ఓడినవాడి ముఖం మీద గెలిచినవాడి పేరు!

అట్లాగే మన దేశంలో దొరికిన రోమన్ వెండి నాణేలు కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలి గాటు ఉంటుంది. అది టంకశాలలో జరిగింది కాదు, నాణెం చేతులు మారిన తర్వాత పెట్టిన గాటు. లోపల వెండా, రాగి మీద వెండి పూతా అని చూడటానికి పెట్టినవి కొన్ని ఉండవచ్చు. రోమన్ నాణేన్ని చూసి ఇక్కడ చేసుకున్న నకళ్ళు కూడా ఉన్నాయి. వాటి మీది లాటిన్ అక్షరాలు అక్షరాల్లా కనిపించే గీతలు మాత్రమే. రోము పనివాడి తప్పుగా వాటిని లెక్క వేయకూడదు. ఆ లిపి రాని చేయి చేసిన నకలు అది. ఒక వింతను చూడగానే ‘ఇది టంకశాలలో జరిగిందా, బయట జరిగిందా?’ అని మొదటి ప్రశ్న వేసుకోవాలి.

సేకరణ, దాని వెనుక నష్టం

ఇప్పుడు అసలు చెప్పవలసిన మాట. అచ్చు తప్పిన నాణేలకు అంగడిలో గిరాకీ ఉంది. గిరాకీ ఉన్నచోట దొంగసరుకూ ఉంటుంది. అసలు నాణేన్ని మెత్తని లోహం మీద ఒత్తి బ్రాకేజ్ అని అమ్మేవాళ్ళున్నారు. పోత పోసిన నకలుకు అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపించవచ్చు, ఉపరితలం మీద సూది మొనంత బొడిపెలు ఉండవచ్చు.

దొంగసరుకుతో కొన్నవాడి డబ్బు పోతుంది. అసలు సరుకుతో పోయేది మన అందరిదీ. కోటిలింగాల దిక్కున వాన వెలిసిన తర్వాత చేలల్లో పాత పైసలు తేలడం అక్కడి వాళ్ళకు కొత్త కాదు. ఆ దరిన ఒక రైతు నాతో అన్నాడు: “మంచిగున్నయి ఏరుకపోయెటోళ్ళు వస్తరు సారూ. సగం బొమ్మ ఉన్నయి మాకే ఇడిచిపెడ్తరు. అవి పోరగాండ్లు ఆడుకుంటరు.” ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బాగున్నవి ఊరు పేరు లేకుండా ఎవరి పెట్టెలోకో పోతున్నాయి. తప్పు పడ్డవి మట్టిలో కలుస్తున్నాయి. ఏ రెండు సగాలు కలిస్తే ఒక రాజు పేరు నిండేదో ఆ రెండూ ఇక కలవవు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ళు ఆ పరిసరాల్లోకి చేరాక చూడటానికి మిగిలిన నేల కూడా తగ్గింది.

చట్టం లేక కాదు. దేశంలో 1878 నుంచే నిధి నిక్షేపాల చట్టం ఉంది. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా దానితో వ్యాపారం చేయకూడదు. చట్టం పుస్తకంలో ఉంటుంది, నాణెం చేలో ఉంటుంది. మధ్య ఉండవలసింది చదువుకున్న మనం.

విద్యార్థి మిత్రులు చేయగలిగినవి కొన్ని చెప్పి ముగిస్తాను. పాత నాణెం ఎక్కడ కనబడినా చింతపండుతో గాని యాసిడ్‌తో గాని తోమవద్దు, తోమనివ్వవద్దు. మెరుపుతో పాటు అక్షరమూ పోతుంది. దొరికిన ఊరు, చేను, దగ్గరలోని వాగు లేదా గుడి, దొరికిన తేదీ అదే రోజు రాసిపెట్టండి. రెండు వైపులా ఫొటో తీయండి, పక్కన ఒక స్కేలు పెట్టడం మరవవద్దు. తూకం వేయగలిగితే వేయండి. దొరికినవాళ్ళకు భయం పెట్టకుండా నచ్చజెప్పి తహసీల్దారుకో పురావస్తు శాఖకో తెలియజేయించండి. సగం బొమ్మ నాణేన్ని అందరికంటే ముందు మీరే అడగండి. సెలవుల్లో కరీంనగర్ మ్యూజియం, హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం చూడండి. అందమైన నాణెం ముందు ఒక నిమిషం నిలబడితే పక్కకు జరిగిన నాణెం ముందు అయిదు నిమిషాలు నిలబడండి. ఏ వైపు జరిగింది, ఎన్ని అక్షరాలు పోయాయి, ఎన్ని మిగిలాయి అని నోటు పుస్తకంలో గీసుకోండి. వచ్చే ఏడాది సంచికకు అదే మీ వ్యాసం కావచ్చు.